ఎవరూ అడగని పుస్తకాలు

మా అక్క మనవరాలు పుస్తకాల పేర్లు అడిగినప్పుడు నాకు ముందు కలిగింది అనుమానమే. ఆ పిల్ల ఇక్కడే గుంటూరు బ్రాడీపేటలో, మా ఇంటికి రెండు సందుల అవతల ఓ బళ్ళో టీచరు. మొన్న ఆదివారం స్కూటర్ మీద వచ్చి, కాఫీ తాగుతూ అడిగింది.

"అమ్మమ్మా, పిల్లలకి చదవమని ఇవ్వడానికి ఓ పది పుస్తకాలు చెప్పవూ. అందరికీ తెలిసినవి వద్దు. ఎవరూ పట్టించుకోకుండా మూల పడి ఉన్నవి కావాలి. చిన్నపిల్లలకి కొన్ని, పదో తరగతి వాళ్ళకి కొన్ని. కథలు, సైన్సు, దెయ్యాలు, ప్రయాణాలు, అన్నీ కలిపి."

"ఎవరడిగారు?" అన్నాను.

"ఎవరూ అడగలేదు. నాకే ఇవ్వాలనిపించింది."

"పిల్లల గురించి ఏమన్నా రాసుకుంటున్నావా?"

"రాసుకోవాలిగా, ఎవరికేది నచ్చుతుందో."

"రాసుకోమాక" అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినబడింది. ఆ పిల్ల నా మొహంలోకి చూసి, ఈవిడకి ఇవాళ ఒంట్లో బాగాలేదు కాబోలనుకుని, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయింది. వివరంగా చెప్పాల్సింది. చెప్పాలంటే నా పన్నెండో ఏటి నుంచి మొదలుపెట్టాలి.

మా ఊరు అద్దంకి పక్క. నల్లరేగడి నేల. వాన పడితే కాళ్ళు పట్టుకుని వదలదు, ఎండకాస్తే నోళ్ళు తెరుస్తుంది. పత్తి, మిరప, పొగాకు తప్ప మాకు ఇంకో మాట లేదు. మాఘమాసం వచ్చేసరికి ఊరి చుట్టూ కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉండేవి. బళ్ళో ఒక్కడు తుమ్మితే తరగతంతా తుమ్మేది. ఇంకోపక్క పొగాకు బ్యారన్లు. ఎత్తుగా, కిటికీలు లేకుండా, కొలిమిలో మొద్దులు మండుతూ, లోపల కర్రలకు వేలాడదీసిన ఆకు కాగుతూ ఉండేది. ఆ వాసనలో ఓ తీపి ఉంటుంది. ఇప్పటికీ ఎక్కడన్నా బెల్లం పాకం కాస్త మాడితే నాకు మా నాన్న గుర్తొస్తాడు.

పంచాయతీ ఆఫీసు పక్క గది మా ఊరి లైబ్రరీ. అంతకుముందు ఓ ముసలాయన చూసేవాడు. తలుపు తీసి, పేపరు బల్ల మీద పడేసి, కుర్చీలో కునుకు తీసేవాడు. మేం డిటెక్టివ్ నవలలకే పోయేవాళ్ళం. వాటి ఆఖరి పేజీలు ఎవరో కోసుకుపోయారు కాబట్టి హంతకుడెవరో మాకు మేమే తేల్చుకునేవాళ్ళం. ఆ అలవాటు వల్లనో ఏమో, మా పిల్లలందరం ఎదురుగా కనబడ్డ ప్రతివాడినీ ఏదో ఒకటి చేసి వచ్చినవాడిలాగే చూసేవాళ్ళం.

ముసలాయన వెళ్ళాక ఓ ఆడమనిషి వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. కనిగిరి నుంచి బస్సులో ఓ రేకు పెట్టెతో దిగింది. తల మీద కొంగు, కళ్ళజోడు. సాయిబుల వీధిలో దర్జీ గారింట్లో ఓ గది తీసుకుంది. మొగుడు పోయాడని కొందరు, వదిలేశాడని కొందరు అన్నారు. ఆవిడ ఏమీ చెప్పలేదు. మా నాయనమ్మ ఓసారి నీళ్ళకెళుతూ ఆమెతో మాట్లాడి వచ్చి, అరుగు మీద కూలబడి ఆలోచనలో పడింది.

"మనకంటే మంచి తెలుగు మాట్లాడుతోంది. అదేందో నాకు అర్థం కాలా" అంది.

మేడం గారు మేం అడిగిన పుస్తకం ఇచ్చేది. ఇచ్చి, "ఇది నువ్వడిగింది. ఇంకోటి నేనిస్తాను" అని కింది అర దగ్గర చతికిలబడేది. ఆ అరకు చెదపట్టి మట్టి పేరుకుపోయి ఉండేది. ముసలాయన హయాంలో అటువైపు ఎవరూ వంగిందే లేదు. ఆవిడ వారం రోజులు గుడ్డ పెట్టి తుడిచి, కలరా ఉండలు వేసి, చినిగినవాటిని గోధుమపిండి ఉడికించిన జిగురుతో అతికించింది. సగం పుస్తకాలకు అట్టల్లేవు. పేర్లు లేవు. రాసినవాళ్ళెవరో తెలియదు.

పుస్తకం ఇచ్చే ముందు ఆవిడ ప్రశ్నలు వేసేది. నీకు దేనికి భయం. నీళ్ళంటే ఇష్టమా, కొండలంటే ఇష్టమా. ఎక్కడ కూర్చుంటే నిన్ను ఎవరూ పనికి పిలవరు. జవాబు చెప్పగానే ఓ నీలం అట్ట నోటుపుస్తకంలో రాసుకునేది. ఏం రాస్తున్నారండీ అంటే, "నాకు మతిమరుపు" అనేది. మాకు ఒక్కరికీ ఆ మాట మీద నమ్మకం కుదరలేదు.

అందుకని ఆవిణ్ణి పరీక్షించాలని ఓ రోజు నేను పెద్ద అబద్ధం ఆడాను. నాకో కవల చెల్లెలుందనీ, కాలు కదపలేదనీ, ఇంట్లోనే మంచం మీద ఉంటుందనీ చెప్పాను. ఆవిడ జాలి పడలేదు, ప్రశ్నలు వెయ్యలేదు. రెండు పుస్తకాలు తీసి, "ఇది నీకు. ఇది మీ చెల్లికి. చదివాక తనకెట్టా ఉందో అడిగి చెప్పు" అంది. నేను ఇంటికొచ్చి రెండూ చదివి, ఇద్దరి తరఫునా వేరు వేరు అభిప్రాయాలు తయారు చేసుకుని వెళ్ళి చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని రాసుకుంది. నా అబద్ధం ఆవిడకు తెలిసిందో లేదో తెలియక నాకు రెండు రోజులు అన్నం సరిగ్గా సహించలేదు.

ఆ కింది అర పుస్తకాలు ఎలాంటివో చెప్పాలి. చెల్లికని ఇచ్చింది ఓ దెయ్యం కథ. అందులో దెయ్యమే మనుషులకు భయపడి పొయ్యి వెనక దాక్కుంటుంది, ఇంట్లో జనం పెద్దగా పోట్లాడుకున్నప్పుడల్లా దానికి వణుకు. నాకని ఇచ్చింది చీమల గురించి. ఎవరో ఓ బడి పంతులు సెలవుల్లో ఓ పుట్ట ముందు కూర్చుని రోజూ చూసింది చూసినట్టు రాశాడు. ఒక రోజు వాన పడి పుట్ట కొట్టుకుపోయింది, ఆ పేజీలో ఆయన రెండే వాక్యాలు రాశాడు. బావులు తవ్వే ఓ కుటుంబం కథ ఒకటి, నీళ్ళు పడనిచోట వాళ్ళు ఊరివాళ్ళకు మొహం చూపించలేక తెల్లారక ముందే మూటలు కట్టుకుని వెళ్ళిపోతారు. పెద్ద తరగతుల అమ్మాయిలకు ఆవిడ ఇచ్చేది మాత్రం ఉత్తరాల పుస్తకం. నర్సు పని నేర్చుకోడానికి పట్నం వెళ్ళిన అమ్మాయి, ఊళ్ళో ఉండిపోయిన స్నేహితురాలు, మూడేళ్ళపాటు రాసుకున్నవి. అన్నిట్లోకీ నాకు ప్రాణం పడవ పుస్తకం. కాలవలో ధాన్యం పడవ నడిపే తాతతో తిరిగే ఓ పిల్ల, దారిలో పడవ ఎక్కే ప్రతివాడూ చెప్పే కథ వింటూ అందులో ఎంత నిజమో తేల్చుకుంటూ ఉంటుంది. ఆ పిల్ల ఎవరినీ ఓ పట్టాన నమ్మదు.

మా మనవరాలికి కావలసినవి సరిగ్గా ఇవే. వాటి పేర్లు అడిగితే నేను ఒక్కటీ చెప్పలేను.

పుస్తకాలు తిరిగిచ్చేటప్పుడు ఆవిడ పేజీలు తిప్పి చూసేది. ఓ రోజు ఆగి, "నీ చేతులు చూపించు" అంది. చూపించాను. పొగాకు ఆకు కర్రలకు అల్లితే వేళ్ళకు నల్లటి జిగురు అంటుతుంది, చింతపండు పెట్టి రుద్దినా పోదు. పడవ పుస్తకం అంచులన్నీ నా బొటనవేలి మరకలే. తిడుతుందనుకున్నాను.

"ఎక్కడ కూర్చుని చదువుతావు?" అంది.

"మా కొత్త బ్యారన్ వెనకండీ. అక్కడుంటానని ఎవరికీ తెలీదు."

ఆవిడ తలూపి రాసుకుంది.

నేను ఎంత పెద్ద సంగతి చెప్పానో నాకు అప్పుడు తెలియదు. వాగు అవతల, కంది చేను చాటున ఆ ఏడు మా నాన్న కట్టిన ఆ బ్యారన్‌కు అనుమతి లేదు. ఆ సంగతి ఇంట్లో పెద్దవాళ్ళకు మాత్రమే తెలుసు. నాకు తెలిసిందల్లా ఒక్కటే, దాని వెనక నీడ ఉంటుంది, వెచ్చగా ఉంటుంది, నన్ను ఎవరూ పిలవరు.

పది రోజులకు పొగాకు అధికారుల జీపు వచ్చింది. పొద్దున పది గంటలప్పుడు, ఎవర్నీ దారి అడగకుండా, నేరుగా వాగు దాటి కంది చేను పక్కకు పోయి ఆగింది. బ్యారన్ నిండా ఆకు సగం కాగి ఉంది. కొలిమి ఆర్పించి, తలుపుకు సీలు వేశారు. నాన్న బతిమాలుకున్నాడు. ఈ ఒక్క బ్యారన్ ఆకూ దించుకోనివ్వండి అన్నాడు. దించుకోనివ్వలేదు. నాలుగు రోజులకు లోపల ఆకు కుళ్ళి ఆ తీపి వాసన కాస్తా కుక్కిన తడిబట్టల వాసనలా మారింది. మా అమ్మ ఆ నాలుగు రోజులూ కూర వండలేదు. గోంగూర పచ్చడి, మజ్జిగ. నాన్న కంచం ముందు కూర్చుని లేచిపోయేవాడు.

అయిదో రోజు సాయంత్రం మా వాకిట్లో నులకమంచాలు వేసుకుని నలుగురు పెద్దలు చేరారు. మా పెదనాన్న, అంటే నాన్నకు సొంత అన్న, మధ్యలో కూర్చున్నాడు. మా రెండిళ్ళకూ నడుమ ఒకటే గోడ.

"జీపోళ్ళకి దారెట్టా తెలిసిందో ముందు అది తేల్చండి" అన్నాడు పెదనాన్న.

"వాగు దాటితేగాని కనబడదు గదయ్యా" అన్నాడొకాయన.

"మన ఊళ్ళో పిల్లల్ని కూర్చోబెట్టి ఇళ్ళల్లో సంగతులు అడిగి రాసుకునేదెవరు? పుస్తకాలిచ్చే మనిషికి ఎవరి చేలో ఏముందో ఎందుకు?"

 అందరూ ఒకే మనిషిని తలుచుకున్నారని పన్నెండేళ్ళ నాకు కూడా తెలిసింది.  చెప్పింది నేను. ఆవిడ రాసుకోవడం చూసింది నేను.

మర్నాడు నాయనమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు చేరవేసింది. "ఏమే, ఆ లైబ్రరీ ఆవిడ దగ్గర నీలం పుస్తకం ఉందంటగా. నువ్వు రోజూ పోతావుగా. పట్టుకురా. చదివి మళ్ళీ అక్కడే పెడదాం" అంది. చేతిలో రెండు కజ్జికాయలు పెట్టింది. అవి నేను తినలేదు.

మధ్యాహ్నం మేడం గారు అన్నం తిని క్యారియర్ కడుక్కోడానికి పంపు దగ్గరకు వెళ్ళింది. నోటుపుస్తకం బల్ల మీదే ఉంది. నేను దాన్ని పరికిణీ కుచ్చిళ్ళలో దోపుకుని, వెనక సందులోంచి మా మిరప కళ్ళంలోకి పరిగెత్తాను. బస్తాల చాటున కూర్చుని విప్పాను. ఘాటుకు కళ్ళు మండి నీళ్ళు కారుతున్నాయి.

పేరు ఒక్కటీ లేదు. ఒక్కో పిల్లకీ పిల్లాడికీ ఒక్కో పేజీ, పైన ఓ గుర్తు. "ఎడమ చేత్తో రాసేవాడు. అక్షరాలు రావు. వచ్చినట్టు నటిస్తాడు. బొమ్మల పుస్తకం, కానీ చిన్నపిల్లలది అనిపించకూడదు." "చిలకాకుపచ్చ రిబ్బను. తండ్రి తాగొస్తే భయం. దెయ్యం కథ." "రోజూ ఆకలితో వస్తుంది. వంటల ఊసు ఉన్నవి ఇవ్వొద్దు." ఎవరెవరో నాకు తెలుస్తూనే ఉంది. మా తరగతి మొత్తం ఆ పుస్తకంలో కూర్చుని ఉంది.

నాది దొరికింది. "కవల చెల్లెలు. అబద్ధాలు బాగా ఆడుతుంది, కథలు రాయగలదు. కొత్త బ్యారన్ వెనక చదువుతుంది, ఎవరికీ తెలియదట. ఎవర్నీ నమ్మదు. పడవ పుస్తకం ఇచ్చాను, మూడుసార్లు తీసుకుంది."

నోటుపుస్తకం మొత్తం మీద బ్యారన్ అన్న మాట ఉన్నది ఆ ఒక్క పేజీలో. పెదనాన్న చూస్తే ఇంకేమీ అక్కర్లేదు. ఆవిణ్ణి కాపాడాలని చించానా, చెప్పింది నేనేనని బయటపడకూడదని చించానా అని ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. రెండోదే ఎక్కువనుకుంటాను. ఆ పేజీ చించి, నలిపి, పక్క బ్యారన్ కొలిమిలో వేశాను. తక్కింది తెచ్చి నాయనమ్మకిచ్చాను.

సాయంత్రం పెదనాన్న దాన్ని వాకిట్లో పైకి చదివాడు. అక్షరాలు రానివాడి పేజీ దగ్గర జనం నవ్వారు. వాడి తండ్రి అక్కడే ఉన్నాడు, నవ్వలేదు. తాగుబోతు పేజీ దగ్గర ఒకాయన లేచి వెళ్ళిపోయాడు. అంతా చదివాక పెదనాన్న వేలు పెట్టి చూపించాడు.

"ఇదిగో. ఇక్కడొక కాయితం చింపేసింది. పేర్లు రాయదు, గుర్తులు రాస్తది. కావలసింది చింపి పంపిస్తది. ఇంకేం కావాలి?"

నేను గుంజ పట్టుకుని నిలబడ్డాను.  

మర్నాడు పొద్దున్నే ఆవిణ్ణి పిలిపించారు. వచ్చి, నిలబడే ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు. పెదనాన్న నోటుపుస్తకం చేతికిచ్చి, "చింపిన కాయితంలో ఏముందమ్మా?" అన్నాడు. ఆవిడ పేజీలు తిప్పి ఆ అంచు దగ్గర ఆగింది. ముందు పేజీ చూసింది, వెనక పేజీ చూసింది. తలెత్తి నా వంక చూసింది. ఎంతోసేపు కాదు.

"ఒక పిల్ల గురించండీ" అంది.

"ఏ పిల్ల?"

"అది చెప్పనండి."

"నువ్వు చింపావా?"

"నా దగ్గరున్నప్పుడు పుస్తకం బాగానే ఉంది."

"అంటే మేం చింపామా?" అన్నాడు పెదనాన్న. జనంలో గోల లేచింది. నాన్న ఒక్కడే, "ఆడమనిషిని నిలబెట్టి ఏందన్నయ్యా ఇది" అని నసిగాడు. ఆయన మాట ఎవరూ వినిపించుకోలేదు. అర్జీ రాసి, సంతకాలు, వేలిముద్రలు వేసి పైకి పంపారు. చివరికి నాన్న కూడా సంతకం పెట్టాడు. నెల తిరక్కుండా ఆవిణ్ణి ఎక్కడికో మార్చారు. రేకు పెట్టెతో బస్సు ఎక్కుతుంటే నేను బడి కిటికీలోంచి చూశాను. లైబ్రరీకి తాళం పడింది. కొన్నాళ్ళకు ఆ గదిలో ఎరువుల బస్తాలు వేశారు.

చాలా ఏళ్ళ తర్వాత, నేను పిల్లలతో గుంటూరులో కాపురం ఉంటున్నప్పుడు, నాన్న ఆసుపత్రి పని మీద వచ్చి మా ఇంట్లో దిగాడు. ఇడ్లీ తింటూ తలెత్తకుండా అన్నాడు.

"పోయే ముందు మీ పెదనాన్న చెప్పాడు. జీపోళ్ళకి కబురు పెట్టింది ఆయనేనంట. ఆ ఏడు బావి నీళ్ళ వంతు దగ్గర మాటామాటా వచ్చిందిగా, ఆ కోపం మీద."

"నువ్వేమన్నావు?"

"ఏమంటా. సరేలే అన్నా." కంచం ముందుకు జరిపి, "ఇంకో ఇడ్లీ వెయ్యి" అన్నాడు.

ఆ వారమే నేను కనిగిరి వెళ్ళాను. లైబ్రరీలో పనిచేసి రిటైరైన మేడం అంటే ఇద్దరు ముగ్గురు అడ్డదిడ్డంగా చెప్పి, చివరికి కొండ కిందుగా ఓ సందులో ఇల్లు చూపించారు. ఆవిడ వసారాలో చేటలో కందిపప్పు పోసుకుని రాళ్ళేరుతోంది. జుట్టు పూర్తిగా నెరిసింది. నేనెవరో చెప్పకముందే కళ్ళజోడు సర్దుకుని, "కవల చెల్లెలు బాగుందా?" అంది.

నేను కూర్చుని అంతా చెప్పాను. బల్ల మీద పుస్తకం, మిరప బస్తాలు, కొలిమి, పెదనాన్న. ఆవిడ రాళ్ళేరడం ఆపలేదు.

"ఆ పేజీ ఎవరిదో నాకు తెలుసు గదమ్మా. రాసింది నేనేగా."

"మరి చెప్పలేదేమండీ?"

"చెబితే ఏమయ్యేది? మీ ఇంట్లో నిన్ను ఇంకో పుస్తకం ముట్టుకోనిచ్చేవాళ్ళా?"

నా మీద కోపం రాలేదా అని అడిగాను. వచ్చింది అంది. ఎప్పుడు పోయింది అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. మంచినీళ్ళిచ్చింది. మాట మార్చాలని, తర్వాత ఎక్కడెక్కడ చేశారని అడిగాను. నాలుగు ఊళ్ళు చెప్పింది. ఓ ఊళ్ళో లైబ్రరీ పెద్దదనీ, పిల్లలు బాగా వచ్చేవాళ్ళనీ చెప్పింది.

"అక్కడ కూడా అట్టాంటి పుస్తకాలు ఉండేవాండీ? ఎవరూ తీయనివి?"

"ఎందుకుండవు. ప్రతిచోటా ఉంటాయి."

"వాళ్ళకీ మాకిచ్చినట్టే ఇచ్చేవారా?"

ఆవిడ చేట కింద పెట్టింది. 

"లేదమ్మా. మీ ఊరి తర్వాత నా అంతట నేను ఎవరికీ ఏ పుస్తకమూ ఇవ్వలేదు. ఏ పిల్లనీ ఏమీ అడగలేదు. వాళ్ళేదడిగితే అది తీసిచ్చాను. అడగనిది ఇస్తే ఏమవుతుందో చూశాగా."

అందులో నిష్ఠూరం లేదు. ఇవాళ కూర ఏం చేశావంటే చెప్పినట్టు చెప్పింది. తర్వాత బస్సు వేళవుతోందని నన్ను లేపింది. సందు చివరి దాకా వచ్చి, దారి చూపించి వెనక్కి తిరిగింది.

అద్దంకి దాకా కిటికీ పక్క సీటు దొరికింది. రెండు వైపులా పత్తి పగిలి తెల్లగా ఉంది. నేనేమీ చూడలేదు. నాలుగు ఊళ్ళు, ఇరవై ఏళ్ళకు పైగా. బళ్ళోంచి నేరుగా లైబ్రరీకి వచ్చి, ఏం అడగాలో తెలియక బల్ల ముందు కాసేపు నిలబడి, ఆవిడ ఏదన్నా అంటుందేమోనని చూసి, ఏమీ అనకపోతే ఉత్త చేతులతో ఇంటికి వెళ్ళిపోయిన పిల్లల్ని లెక్కపెట్టడానికి ప్రయత్నిస్తూ కూర్చున్నాను.